ఆరో వేలికి చోటు

మా నాయన సినిమాకు వెళ్తే మొహాలు చూడడు, చేతులు చూస్తాడు. హీరో తలుపు తెరిస్తే గడియ ఎటు తిరిగిందో చూస్తాడు. హీరోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ఆమె చేతిలోని గరిటె ఏ చెక్కదో చూస్తాడు. హాలంతా ముక్కు చీదుతున్న సమయంలో "అది టేకు, కూరకు పనికిరాదు" అని పైకే అంటాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చోవాలంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు నేనూ అలాగే చూస్తున్నాను. తల దించుకునే వంతు నా పిల్లలకు వచ్చింది.

మాది ఉదయగిరి. దుర్గం కొండ కింద చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్ళలో మాదొకటి. కొండ మీది నుంచి వచ్చే నర్ది, బిక్కి చెక్కను బాడిసతో చెక్కి, ఆకురాయితో రాసి, సాండ్‌పేపరుతో నున్నగా రుద్ది అమ్ముతాం. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక అంగడికి, అనుమసముద్రంపేట దర్గా వీధిలో రెండు అంగళ్ళకు వేస్తాం. ఈమధ్య ఫోన్లలో చూసి చెన్నై, బెంగళూరు హోటళ్ళవాళ్ళు కూడా అడుగుతున్నారు. నేను పదో తరగతి తప్పిన ఎండాకాలంలో బాడిస పట్టుకున్నాను. పెళ్ళయి నాలుగిళ్ళ అవతలికి వెళ్ళినా, పొద్దున్నే నా ఇంటి వంట ముగించి నాయన వసారాలోకి వచ్చి కూర్చోవడం మానలేదు.

మా వసారాలో ఒక పద్ధతి ఉంది. ఏ వస్తువైనా మూటలోకి వెళ్ళే ముందు నాయన చేతిలోకి వెళ్ళాలి. ఆయన దాన్ని కుడిచేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఒకసారి తిప్పుతాడు. చేతికి నప్పితే పక్కన పెడతాడు. నప్పకపోతే మారు మాట్లాడకుండా పొయ్యి వైపు విసురుతాడు. కంటికి ఎంత అందంగా కనిపించినా సరే, అంతే. అమ్మ దాన్ని తీసి పొయ్యిలో పెడుతుంది. ఇంట్లోకి గ్యాసు వచ్చి ఏళ్ళు గడిచినా అన్నం మాత్రం ఈ చెక్కల మీదే ఉడుకుతుంది. ఎక్కువ చెక్కలు పొయ్యిలో పడి అన్నం తొందరగా ఉడికిన రోజు మేమెవరమూ తలెత్తేవాళ్ళం కాదు.

ఆ కళ్ళు మూసుకుని చూసే పని ఆయన ఇంకెవరికీ ఇవ్వలేదు. నేను చెక్కిన గరిటెలే కావాలని హోటళ్ళవాళ్ళు అడిగే రోజులు వచ్చాక, ఒకసారి ధైర్యం చేసి అడిగాను.

"ఈ పూటకు నేను చూసేదా నాయనా?"

"నీ చేతికి ఇంకా తెలీదులే మే."

అప్పటికి నాకు ముప్పై ఆరేళ్ళు. కోపంతో రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని గమనించనే లేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇక ఆ దర్శకుడి సంగతి చెప్పాలి. పేరు రాయను. సినిమాలు చూసేవాళ్ళకు తెలిసిపోతుంది, తెలియకపోయినా ఏమీ మునిగిపోదు. తెలుగులో అంతరిక్షం, యంత్రాలు, రేపటి లోకాలు అంటూ వరసగా సినిమాలు తీసిన మనిషి. ఆయన మొదటి సినిమా చూసినప్పుడు నేను ఆరో తరగతి.

ఆ రోజు నాయనా నేనూ ఆత్మకూరు అంగడికి గరిటెల మూట ఇవ్వడానికి బస్సులో వెళ్ళాం. మూట దించేసరికి మ్యాట్నీ వేళయింది. హాలు బయట పోస్టరు మీద ఒక రేడియో, దానికొక పెద్ద తిప్పుడు పిడి. నాయన ఆ పిడిని చూసే టిక్కెట్లు కొన్నాడని ఇప్పటికీ నా నమ్మకం. కథేమిటంటే, చిన్న ఊళ్ళో రేడియోలు బాగుచేసే ఒకడు రేపటి చప్పుళ్ళను ఇవాళే వినిపించే రేడియో తయారు చేస్తాడు. రేపు కురవబోయే వాన, రేపు జరగబోయే కొట్లాట, రేపు పుట్టబోయే బిడ్డ ఏడుపు, అన్నీ అందులో వినిపిస్తాయి. కరెంటు లేని ఊరు కాబట్టి ఇనప పిడి తిప్పుతూనే ఉండాలి. హాల్లో వాన చప్పుడు మొదలైనప్పుడు జనం నిజంగానే పైకప్పు వైపు చూశారు. నేను ఊపిరి తీసుకోవడం మరిచిపోయాను. మా ఊరిలాంటి ఊళ్ళో, మాలాంటి వాళ్ళ ఇంట్లో ఇంత వింత జరగొచ్చని నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఇంటర్వెల్లో సోడా తాగుతూ నాయన తన తీర్పు చెప్పాడు.

"ఆ పిడి చూసినావా? గొట్టాన్ని కోసి అంచు రాయకుండా పెట్టినారు. వాడు చెయ్యి కోసుకోనుంటాడు చూడు."

"అది సినిమా నాయనా."

"సినిమా అయితే? చెయ్యి చెయ్యే గదా."

రెండో సగం మొదలైంది. హీరో కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. కథలో దెబ్బ తగిలిన సంగతే లేదు. ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. నాయన నా మోచేతిని పొడిచి, "చెప్పినానా" అన్నాడు. తిరుగు బస్సులోనూ రెండుసార్లు అన్నాడు. నేను తెలివైనదాన్ని కాబట్టి, అది కథలో ఏదో లోతైన గుర్తు అయి ఉంటుందని అనుకున్నాను.

ఆ తర్వాత ఆ దర్శకుడి సినిమా వస్తే మొదటి వారంలోనే ఆత్మకూరు వెళ్ళడం మా ఇద్దరికీ అలవాటైంది. రెండో సినిమా పెద్దది. నీళ్ళు ఇంకిపోయిన ఊరు మొత్తం ఒక ఓడలో సర్దుకుని, ఆకాశంలో నీళ్ళు వెతుక్కుంటూ పోతుంది. ఓడ లోపల ఎక్కడ చూసినా మెరిసే బొత్తాలు. మెట్ట పొలాలవాళ్ళు కదా, మా వైపు జనానికి ఆ కథ ఒంటికి తగిలింది. చేజర్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చి చూశారు. దర్శకుడి పేరు హిందీవాళ్ళకూ తెలిసింది. నాయన మాత్రం, "బొత్తాలు నొక్కతా ఉండారు, సరే. ఓడ ఊగినప్పుడు పట్టుకునేదానికి ఒక్క కడ్డీ అన్నా పెట్టొచ్చు గదా" అన్నాడు.

మూడోది సముద్రం అడుగున కట్టిన నగరం. అంతా కంప్యూటర్లో చేశారట. అందులో బొత్తాలు కూడా లేవు. మనుషులు గాల్లో చెయ్యి ఆడిస్తే గోడలు జరుగుతాయి, దీపాలు వెలుగుతాయి. నాకు కళ్ళు చెదిరాయి. నాయన నిద్రపోయాడు. ఆ సినిమా కూడా బ్రహ్మాండంగా ఆడింది. ఆయన మొదటి సినిమాలోని రేడియో మెకానిక్కు ఏమైపోయాడా అని నాకు లోపల కొంచెం దిగులుగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు, చెప్తే నాయన గెలిచినట్టవుతుందని.

నాలుగోది గ్రహాల మధ్య యుద్ధం. మూడు భాగాలన్నారు. మొదటి భాగం విడుదలైన నాలుగో రోజుకే ఆత్మకూరు హాల్లోంచి తీసేశారు. మేము మూడో రోజు వెళ్ళాం. పాతికమంది ఉన్నారో లేదో. మా వెనక కూర్చున్నవాళ్ళు మొదటి నుంచి చివరిదాకా ఎగతాళి చేస్తూనే ఉన్నారు. నేను వెనక్కి తిరిగి, "నచ్చకపోతే ఇంటికి పొండి, మాకు వినిపించాల" అని గట్టిగా అరిచాను. నిజానికి నాకూ నచ్చలేదు. కానీ ఆరో తరగతిలో నన్ను ఊపిరి ఆపి కూర్చోబెట్టిన మనిషిని ఎవరో నవ్వుతుంటే ఒళ్ళు మండింది.

ఆ తర్వాత ఆయన కొన్నేళ్ళు కనిపించలేదు. ఆయన పని అయిపోయిందని పేపర్లు రాశాయి. మా పనీ అయిపోయిందనే అనేవాళ్ళు అప్పట్లో. స్టీలు, ప్లాస్టిక్కు వచ్చాక చెక్క గరిటె ఎవరికి కావాలి? మా వీధిలో కొన్ని ఇళ్ళవాళ్ళు బాడిసలు అటక మీద పెట్టేశారు. మేము పెట్టలేదు. నాయనకు ఇంకేదీ చాతకాదు, నాకు మానడం చాతకాదు. మెల్లగా, ప్లాస్టిక్కు అంటే భయం పట్టుకున్న పట్నంవాళ్ళు మళ్ళీ చెక్క వైపు చూశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ దర్శకుడు ఒక చిన్న సినిమా తీశాడు. హాళ్ళలోకి రాలేదు, ఫోన్లోనే. గ్రహాలూ లేవు, యంత్రాలూ లేవు. గడియారాలు బాగుచేసే ఒక ముసలామె కథ. ఆమె వేళ్ళను అంత దగ్గరగా, అంతసేపు చూపించాడు. నాయన దాన్ని నా ఫోన్లో రెండుసార్లు పెట్టించుకుని చూశాడు. తప్పేమీ పట్టలేదు. ఆయన నోటినుంచి అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు.

పోయిన ఏడాది చలికాలం మొదట్లో హైదరాబాదు నుంచి ఒక అమ్మాయి మా వసారా మెట్లెక్కింది. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పని అంది. లోహం దొరకని లోకంలో బతికే మనుషులకు చెక్క పనిముట్లు కావాలట, మొత్తం అరవై పిడులు. ఏ సినిమా, ఎవరు తీస్తున్నారు అని అడిగితే, చెప్పకూడదక్కా అని నవ్వింది. కాగితాల మీద బొమ్మలు, కొలతలు ఇచ్చి, నెల తర్వాత వస్తానని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక నేను బొమ్మలు పరిచి చూశాను. ప్రతి పిడికీ బొటనవేలు ఆనడానికి ఒక నొక్కు ఉంది. రెండో వైపు మిగతా వేళ్ళకు నొక్కులు. లెక్కపెట్టాను. ఐదు. బొటనవేలితో కలిపితే ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను.

"నాయనా, ఒకటి ఎక్కువ గీసినారు."

ఆయన కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. నవ్వాడు. "కంప్యూటర్లో గీసింటారు. దానికి చేతులుండాయా పాడా."

"ఫోన్ చేసి అడిగేదా?"

"అడిగి? చదువుకున్న పిల్ల, చిన్నబుచ్చుకుంటాది. సరిచేసి ఇయ్యి."

ఇది మా ఇంటి రెండో పద్ధతి. గిరాకీ తెచ్చిన బొమ్మలో తప్పుంటే మేము చెప్పం. సరిచేసి ఇస్తాం. హోటలువాళ్ళు మరీ లోతు చెంచా గీసి పంపితే పెదవికి ఆనేటట్టు లోతు తగ్గించి పంపుతాం. ఎవరూ ఎప్పుడూ ఇదేమిటని అడగలేదు, బాగుందనే అన్నారు. తప్పు ఎత్తి చూపడం మా దృష్టిలో మర్యాద కాదు. అందుకే నేను ఫోన్ చెయ్యలేదు. చెయ్యాలని అనిపించింది, ఆ సంగతి దాచను. నంబరు తీసి కూడా పెట్టుకున్నాను. నాయన మాట దాటడం ఇష్టంలేక వదిలేశాను.

అరవై పిడులూ ఐదు వేళ్ళకు సరిపోయేలా చేశాం. నా జీవితంలో అంత మంచి పని చెయ్యలేదు. నాయన కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. డెబ్భై మూడుసార్లు చెక్కితే అరవై నిలిచాయి, మిగతావి అన్నం కింద కాలిపోయాయి.

అమ్మాయి వ్యాను తీసుకుని వచ్చింది. ఒక పిడిని చేతిలోకి తీసుకుని "అబ్బ" అంది. తర్వాత వేళ్ళు అటూ ఇటూ జరిపింది. ఇంకొకటి తీసింది, ఇంకొకటి. మెల్లగా మెట్టు మీద కూర్చుంది.

"ఆరు కదక్కా. వాళ్ళకు ఆరు వేళ్ళు. వేరే గ్రహం వాళ్ళు."

ఇంకో నాలుగు రోజుల్లో దుర్గం వెనక వాలులో షూటింగట. డైరెక్టరు గారు అప్పుడే ఆత్మకూరు లాడ్జిలో దిగారట. దాచి లాభం లేదనుకుందేమో, ఆయన పేరు చెప్పింది.

రేపటి వాన వినిపించిన మనిషి. ఆయన కోసం నేను ఇన్నేళ్ళ తర్వాత ఒక వస్తువు చేస్తే, అది తప్పుగా చేశాను. వసారాలో అందరి ముందూ ఏడ్చేశాను. అమ్మాయీ ఏడ్చింది, ఆమె ఉద్యోగం ఊడుతుందని. తను ముందే చెప్పి ఉండాల్సిందని ఆమె, నేను అడిగి ఉండాల్సిందని నేను. నాయన మాత్రం బాడిసను గుడ్డలో చుట్టి, వాసం సందులో దోపాడు. పని మధ్యలో ఆయన అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

"నాయనా, ఏంది అది?"

"నా చెయ్యి చెప్పిందే నిజమనుకున్నాను. ఇంక పట్టను మే. చాలు."

నాకు అప్పుడు సినిమా, దర్శకుడు, అమ్మాయి ఉద్యోగం అన్నీ వెనక్కి పోయాయి. ఈయన బాడిస వదిలేస్తే ఏమవుతాడో నాకు తెలుసు. పొద్దున లేచి ఏ వైపు కూర్చోవాలో తెలియని మనిషి అవుతాడు. ఈయన కళ్ళు మూసుకుని చూడకపోతే మా వసారాలోంచి ఏది బయటికి వెళ్ళొచ్చో, ఏది పొయ్యిలోకి పోవాలో చెప్పేవాళ్ళు ఎవరు?

మర్నాడు పొద్దున్నే నేను ఆత్మకూరు బయలుదేరాను, తప్పు నాదని చెప్పి ఆ అమ్మాయిని కాపాడదామని. ఫోన్ చెయ్యనిది నేను. బస్టాండుకు వచ్చేసరికి నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిసంచిలో రెండు పిడులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సరిచెయ్యమనింది నేను. చెప్పాల్సింది నేనే" అన్నాడు.

గంటన్నరకు ఆత్మకూరులో దిగాం. మేము ఆయన సినిమాలన్నీ చూసిన హాలు ఇప్పుడు పెళ్ళిళ్ళ మంటపం. దాని ముందు నుంచే లాడ్జికి నడిచాం. అమ్మాయి వాకిట్లోనే ఉంది, మమ్మల్ని మేడ మీదికి తీసుకెళ్ళింది.

దర్శకుడు వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. పోస్టర్లలో చూసిన నల్ల జుట్టు మొత్తం తెల్లబడింది. మామూలు లుంగీ, చొక్కా. నేను దారంతా కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టేలోపే నాయన నమస్కారం పెట్టి, పిడి తీసి నేరుగా ఆయన చేతిలో పెట్టాడు.

"బొమ్మలో ఆరు ఏళ్ళకు గీసినారు. తప్పు గీసినారనుకోని ఐదుకు చేసినాను సార్. ఈ పిల్లది తప్పు లేదు, నా బిడ్డది తప్పు లేదు."

దర్శకుడు పిడిని పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ఎడమ చేతికి మార్చాడు, మళ్ళీ కుడిచేతికి తెచ్చుకున్నాడు.

"తప్పు గీశారని ఎందుకు అనుకున్నారు?"

"నాకు ఉండేది ఐదే గదా సార్. లేని ఏలికి ఏ చేత్తో చూసి చెయ్యాల?" అని, అక్కడితో ఆగకుండా, "మీ సినిమాలన్నీ చూసినాము. ఏమనుకోబాకండి, ఒక్క దాంట్లో కూడా పిడి సరిగా లేదు. ఆ రేడియో సినిమాలో అయితే మరీ. ఆ అబ్బాయి చెయ్యి కోసుకోనుంటాడని ఆ పొద్దే చెప్పినా" అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. భూమి విచ్చుకుంటే దూరిపోదును. టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"మీకెట్లా తెలుసు?" అన్నాడు దర్శకుడు. "ఇంటర్వెల్ ముందు సీనులో నిజంగానే కోసుకున్నాడు. ఎనిమిది కుట్లు పడ్డాయి. ఆపడానికి మా దగ్గర రోజులు లేవు, గుడ్డ చుట్టి మిగతా సినిమా తీసేశాను. ఇన్నేళ్ళలో ఒక్కరు అడగలేదు."

నాయన నా వైపు తిరిగాడు. "చెప్పినానా" అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

దర్శకుడు నవ్వుతున్నాడు గానీ కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ రేడియో పిడి తర్వాత తనకు వస్తువులంటే భయం పట్టుకుందని చెప్పాడు. బొత్తాలు పెట్టాడు, ఆ తర్వాత అవీ తీసేశాడు. నాలుగో సినిమాలో నటులంతా కంప్యూటరు బొమ్మల కోసం కట్టిన పచ్చ గుడ్డ ముందు నిలబడి ఉత్త గాలిని పట్టుకున్నారు. వాళ్ళ చేతుల్లో ఏమీ లేదన్న సంగతి కళ్ళలో కనిపించింది, అది తనకు ఎడిటింగులో అర్థమైంది, అప్పటికి ఆలస్యమైపోయింది. గడియారాల సినిమాతో మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నానన్నాడు. "ఇప్పుడు ఈ కొత్త సినిమాలో ప్రతిదీ పట్టుకునేట్టు ఉండాలి. అందుకే మీ ఊరికి పంపాను."

అయితే ఇవే వాడుకోండి అని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. ఆయనే ముందు చెప్పాడు.

"కానీ నాకు ఆరే కావాలి పెద్దాయనా. కథలో వాళ్ళు మనలాంటి వాళ్ళు కాదు. ఆ పిడులున్న సీన్లు చివరికి జరుపుతాను. పదిహేను రోజులు."

అమ్మాయి లోపల్నుంచి రబ్బరు చెయ్యి ఒకటి తెచ్చింది, నటులు తొడుక్కునేది. నాయన దాన్ని పట్టుకుని ఆరో వేలిని వంచి చూశాడు. "దీనికి ఏమీ తెలీదు సార్. మొద్దు. ఇది నాకేం చెప్తాది?" అని తిరిగి ఇచ్చేశాడు. చేస్తానని అనలేదు, చెయ్యనని అనలేదు. మేము వచ్చేస్తుంటే దర్శకుడు ఐదు వేళ్ళ పిడి ఒకటి తనకు ఉంచుకోవచ్చా అని అడిగాడు. నాయన తల ఊపాడు.

అమ్మాయి ఉద్యోగం నిలిచింది. బాడిస మాత్రం వాసం సందులోనే ఉంది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. నాయన వసారాకు వీపు పెట్టి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. అమ్మ గ్యాసు మీద అన్నం వండింది. ఆ అన్నం ఎవరికీ సహించలేదు.

నాలుగో రోజు పొద్దున నేను బొమ్మ ముందు పెట్టుకుని ఒక్కదాన్నే చెక్కడం మొదలుపెట్టాను. బొటనవేలికి ఒకటి, రెండో వైపు ఐదు. ఐదో నొక్కు దగ్గర చెయ్యి తడబడింది. ఎంత లోతు, ఎటు వాలు? కొలత కాగితంలో ఉంది, కానీ కొలతను నమ్మి మేమెప్పుడూ ఏదీ చెయ్యలేదు. మధ్యాహ్నానికి ముగించాను. తీసుకెళ్ళి నాయన ఒళ్ళో పెట్టాను.

"నాకెందుకు మే? ఎవురి చేత్తో చూడాల?" అన్నాడు.

అంటూనే పిడి పట్టుకున్నాడు. యాభై ఏళ్ళ అలవాటు మరి. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. బొటనవేలు దాని చోట్లో కూర్చుంది. నాలుగు వేళ్ళూ నాలుగు నొక్కుల్లో ఆనాయి. చిటికెన వేలి పక్కన ఐదో నొక్కు ఖాళీగా మిగిలింది. ఆయన మణికట్టు తిరగలేదు.

"ఈడ ఎవురూ లేరు" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

నేను ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. నా కుడిచేతి చూపుడు వేలిని ఆయన చిటికెన వేలి పక్కన, ఆ ఖాళీ నొక్కులో పెట్టాను. ఆయన వేలు రాయిలా గట్టిగా, వెచ్చగా ఉంది. తర్వాత ఆయన పిడిని తిప్పాడు. నా వేలు ఆయన చేతితో పాటు తిరిగింది.

"నాలుగూ బానే ఉండాయి" అన్నాడు. "నీ ఏలికి ఎట్టుండాది?"

ఇరవై ఏళ్ళకు పైగా ఈ మాట కోసం ఎదురుచూశాను. బాగుందని చెప్పేస్తే సరిపోయేది. నేను చెక్కిందే, కంటికి చక్కగా ఉంది, బొమ్మలోని కొలతకు వెంట్రుకవాసి తేడా లేదు. నేనూ కళ్ళు మూసుకున్నాను. నొక్కు చివర ఒక అంచు వేలి కణుపుకు తగులుతోంది. కొంచెమే. ఇంకొకసారి తిప్పమన్నాను. మళ్ళీ తగిలింది.

"బాలేదు నాయనా. కణుపు కాడ ఒత్తతా ఉండాది."

ఆయన కళ్ళు తెరిచి నా మొహం చూశాడు. మొహాలు చూడని మనిషి. తర్వాత పిడిని నా చేతిలో పెట్టాడు.

"అయితే ఏసెయ్" అన్నాడు.

నేను దాన్ని పొయ్యి వైపు విసిరాను. అమ్మ గ్యాసు ఆర్పి, గిన్నె దించి పొయ్యి మీద పెట్టింది. నాయన లేచి వాసం సందులోకి చెయ్యి పెట్టి, గుడ్డ విప్పి, బాడిస అంచును బొటనవేలితో చూసుకున్నాడు.

"ఇంకో బిక్కి ముక్క ఇట్టా తే" అన్నాడు.